పటం చదవడం కూడా గ్రంథాలయమే నేర్పాలి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగం)



రైతు సంఘం వాళ్లకి గ్రంథాలయంలో పనేమిటని ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన అడిగారు. పని ఉందండీ. 1898లో నాళం కృష్ణారావు గారు ఈ ఊళ్లో మొదలుపెట్టిన గ్రంథాలయమే తర్వాత గౌతమీ గ్రంథాలయం అయింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ప్రోనోటులో ఏముందో తెలియక వేలిముద్ర వేసిన రోజులవి. ఇప్పుడు మనకు అక్షరం వచ్చింది, పటం చదవడం రాలేదు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. గొలుసు పోయి డ్రోను, రోవరు వచ్చాయి. సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు వచ్చింది. మా ఊళ్లో ఆ పటం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశాం, ఉత్తరం ఏ పక్కో అర్థం కాలేదు. అన్నదమ్ముల చేలు కలిపి ఒకే నంబరు వేశారని చాలా రోజులకు గానీ తెలియలేదు. ఇక విడగొట్టించుకోవడానికి తిరుగుడే తిరుగుడు. చూడడం వచ్చి ఉంటే ఆ రోజే అడిగేవాళ్లం.

అలాగని ఫోను పట్టుకుని గట్టు తగాదాకి దిగొద్దు. రోవరు సెంటీమీటర్లలో చెబుతుంది. ఫోను ఆరుబయట కూడా అయిదు మీటర్ల దాకా తప్పు చూపించొచ్చు, కొబ్బరితోటలో అయితే ఇంకా ఎక్కువ. వంద మీటర్ల గట్టు అయిదు మీటర్లు జరిగితే పన్నెండు సెంట్లకు పైనే తేడా! దానికోసం తలలు పగలగొట్టుకుంటామా?

మరి ఫోను దేనికంటే, మురుగుకి. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. ధర గిట్టకపోవడం ఒక బాధ, చేలు మునగడం ఇంకో బాధ. డ్రెయిన్ పూడిపోయిందని అర్జీ పెడితే ఎక్కడ అంటారు. మర్రిచెట్టు దాటాక అంటాం. ఆ మర్రిచెట్టు ఏ కాగితంలోనూ ఉండదు. గుర్రపుడెక్క ఎక్కడ పట్టేసింది, ఏ తూము విరిగింది, ఏ బోదె మూసుకుపోయింది, ఇవి ఫోటోతో సహా పటం మీద గుర్తు పెట్టి ఇస్తే ఆ ప్రశ్న ఉండదు. అక్కడ అయిదు మీటర్ల తేడా లెక్కలోకి రాదు.

2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం ఉంది. పైసా కట్టక్కర్లేదు, ఎవరైనా దిద్దొచ్చు, పేర్లు తెలుగులో రాయొచ్చు. కాలువలు, తూములు, డొంకలు అందులో ఎక్కించొచ్చు. మనుషుల పేర్లు, పాస్‌బుక్ నంబర్లు మాత్రం ఎక్కించకూడదు.

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. అందుకే అడుగుతున్నాం: ప్రతి శాఖా గ్రంథాలయంలో వారానికి ఒక సాయంత్రం, ఒక కంప్యూటరు, నేర్పే కుర్రవాడొకడు. ఆడవాళ్లు రావాలి. కౌలు రైతులు ముందు రావాలి. పటం మీద పేరు వాళ్లది కాకపోయినా, నీరు ఎక్కడ నిలుస్తుందో తెలిసేది వాళ్లకే.

సార్వా కోతలవగానే మా ఊరి డ్రెయిన్‌తో మొదలుపెడుతున్నాం. వచ్చేవాళ్లు ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకుని రండి. గట్టు జారుతుంది, చెప్పులు చేత్తో పట్టుకోవాల్సిందే.