మైన్లు ఉన్నాయో లేదో చూడ్డానికి ఓడనే పంపారు

నౌకాదళ కమాండర్ అనగానే మనకి బైనాక్యులర్స్ పట్టుకుని ఆర్డర్లు వేసే మనిషి గుర్తొస్తాడు. అసలు బరువు ఎక్కడుంటుందో ఒక్క రాత్రి కథతో చెప్తాను.

1982 ఏప్రిల్‌లో ఫాక్‌లాండ్ దీవుల్ని అర్జెంటీనా ఆక్రమించింది. బ్రిటన్ పంపిన యుద్ధనౌకలకి కమాండర్ రియర్ అడ్మిరల్ శాండీ వుడ్‌వర్డ్. మే 4న ఎగ్జోసెట్ మిసైల్ తగిలి షెఫీల్డ్ నౌకలో 20 మంది చనిపోయారు.

తర్వాత సైన్యాన్ని ఒడ్డుకి దించాలి. దానికి రెండు పెద్ద దీవుల మధ్య ఉన్న జలసంధిలోకి వెళ్లాలి. అక్కడ మైన్లు ఉంటే? వాటిని ఏరే ఓడలు ఆయన దగ్గర లేవు. ఇంక మిగిలింది ఒకటే దారి, ఒక యుద్ధనౌకని అందులోంచి నడిపించి చూడటం. పేలితే ఉన్నట్టు!

అలాక్రిటీ అనే ఫ్రిగేట్‌ని ఎంచుకున్నారు. అందులో నూట డెబ్భై మందికి పైగా ఉన్నారు. కెప్టెన్ క్రిస్టొఫర్ క్రెయిగ్‌తో మైన్ల మాట సూటిగా అనలేకపోయారు వుడ్‌వర్డ్. ఆయన అనకపోయినా క్రెయిగ్‌కి అర్థమైపోయింది. అయినా వెళ్లారు.

మే 10 రాత్రి అలాక్రిటీ జలసంధి దాటింది. దారిలో ఒక అర్జెంటీనా సరఫరా ఓడని ముంచి, క్షేమంగా తిరిగొచ్చింది. మే 21న వేలమంది సైనికులు ఒడ్డుకి దిగారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రిలీజ్ ఫెయిలైతే రోల్‌బ్యాక్ చేసేవాళ్లం. వుడ్‌వర్డ్‌కి ఆ బటన్ లేదు. వేలమంది కోసం ఆ నౌకని మీరైతే పంపేవాళ్లా? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.