కొయ్యకలము: కొనలు చదును చేయు పనిముట్లు

లేతు యంత్రమని మనము పిలుచుచున్న తరిమెనపై కొయ్యను కలముగా మలచుట నేడు పెక్కు దేశములలో తీరికవేళల వ్యాసంగమై యున్నది. కొయ్యను గుండ్రముగా తిప్పుటయందు చూపు శ్రద్ధను, దానికి ముందు చేయవలసిన ఒక చిన్నపనియందు అందరును చూపరు. ఆ పని కొయ్యముక్క కొనలను చదును చేయుట. కలము కుదురు దానిపై ఆధారపడి యున్నది.

పని క్రమమిది. నాలుగు పలకల కొయ్యముక్కను నిడుపునా తొలిచి, ఆ రంధ్రములో ఇత్తడి గొట్టమును జిగురుతో అతికింతురు. జిగురు ఆరిన పిమ్మట, గొట్టము అంచు వరకు కొయ్యను తీసివేయవలెను. ఆ కొన గొట్టమునకు లంబముగా నుండవలెను. ఏమాత్రము వాలినను, కలము భాగములను బిగించినపుడు ఒకవైపు సందు కన్పట్టును. ఒత్తిడియంతయు ఒకే అంచుపై పడి కొయ్య పగులుటయు కలదు.

ఇచ్చట మూలమట్టము మనలను మోసగింపగలదు. తొలుచునపుడు మొన కొంచెము ప్రక్కకు ఒరుగుట కద్దు. అప్పుడు రంధ్రము వెలుపలి పలకలకు సమాంతరముగా నుండదు. పలకకు మూలమట్టము పెట్టి కోసిన కొన చూపునకు చక్కగనే యుండి, గొట్టమునకు వంకరయగును. వెలుపలి కొయ్య ఎటులును తరిమెనపై రాలిపోవునదే, నిలుచునది గొట్టము. కనుక ఏ పనిముట్టునైనను కొనుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనుడు: ఇది కొయ్యను ఆనుకొని పనిచేయునా, గొట్టమును ఆనుకొని పనిచేయునా?

గొట్టమును ఆనుకొను వానిలో మొదటిది, కడ్డీకి పండ్లబిళ్ళ అమర్చిన కోతపనిముట్టు. కడ్డీ గొట్టములో వదులు లేక తిరుగవలెను. లోపల జిగురు చుక్క మిగిలినను కడ్డీ ఒరుగును గనుక ముందుగా గీకివేయవలెను. ముక్కను బిగింపులో పట్టి, నెమ్మదిగా త్రిప్పవలెను. టేకు, జిట్రేగి వంటి కొయ్యలకు ఇది చాలును. పండ్లు మొద్దువారినచో కోయుట మాని చీల్చును. ఉక్కు పండ్లను తరచు సానబట్టవలెను. కార్బైడు పండ్లు హెచ్చుకాలము నిలుచును గాని వెల యెక్కువ.

రెండవది గరుకు కాగితపు బిళ్ళ. మెలికల చారల బొడిపె కొయ్యకును, పెళుసైన యాక్రిలిక్కునకును ఇదియే మేలు. ఇది చీల్చదు, అరుగదీయును. గొట్టములో దూరిన కడ్డీ బిళ్ళకు లంబముగా నిలుచునట్లు చట్రముండవలెను. యంత్రము వేరుగా కొననక్కరలేదు. తరిమెనకే కొయ్యబిళ్ళను బిగించి, ముఖమును అచ్చటనే చదునుగా తీసి, కాగితమతికించి, ఎదుటికొననున్న చక్‌లో కడ్డీని పట్టించిన చాలును. గట్టిగా అదిమినచో వేడి పుట్టి జిగురు సడలును. ధూళి లోనికి పోకుండ ముక్కునకు ముసుగు తప్పనిసరి.

ఏ పనిముట్టుతోనైనను, ఇత్తడి అంచు చుట్టును సమముగా మెరసినంతనే ఆపవలెను. ఆపై తీసినచో గొట్టమే కురుచయగును. త్రిప్పెడు బాల్ పెన్నులో, లోనికి పోవలసిన మొన బయటనే నిలువవచ్చును. తీసిన కొయ్యను మరల అతికింపలేము. కావున కొలిచి కోయుటకంటె, ఇత్తడిని చూచి ఆగుటయే ఈ పనిలో నేర్పు.