సరస్సుల సీమలో కొండపరుగు

పరుగు అనగానే మనకు స్ఫురించేది చదునైన మైదానము, సున్నముతో గీసిన గీతలు, చేత గడియారము పట్టుకొని నిలుచున్న న్యాయనిర్ణేత. ఇంగ్లండు దేశపు వాయవ్యభాగమున లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల సీమలో తరతరాలుగా సాగుతున్న పరుగు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దానికి గీతలు లేవు. పెక్కుచోట్ల బాటయే లేదు. ఈ శిఖరమునుండి ఆ శిఖరమునకు ఏ వాలున దిగి ఏ గట్టున ఎక్కవలెనో పరుగెత్తేవాడే నిర్ణయించుకొనవలెను. వెంట పటము, దిక్సూచి, ఈల, వానకోటు, కొంత ఆహారము ఉండవలెనని పందెముల నిర్వాహకులు పట్టుపడతారు. నడివేసవిలో కూడా అక్కడ చూస్తూ ఉండగానే మబ్బు దిగి, చాచిన చేయి కనబడని స్థితి రావచ్చును.

ఆ సీమలో కొండను ఫెల్ అంటారు. వెయ్యేళ్ళ క్రితము సముద్రము దాటి వచ్చి అక్కడ స్థిరపడిన నార్వే జాతివారి మాట అది. గ్రామనామాలలోను వారి జాడ మిగిలినది. సీథ్వెయిట్, రాస్థ్వెయిట్ వంటి పేర్ల చివర వినబడే థ్వెయిట్ అనే పదమునకు అడవి నరికి బాగుచేసిన నేల అని అర్థము. ఊరి పేరులో ఊరి పుట్టుక దాగి ఉండుట మనకు కొత్త కాదు.

ఆంగ్లసాహిత్యము చదివినవారికి ఈ సీమ వర్డ్స్‌వర్త్ మూలమున పరిచితమే. మన భావకవులకు ఉత్తేజము ఇచ్చిన ఆంగ్లకవులలో ఆయన ఒకడు. గ్రాస్‌మియర్ గ్రామములో 1799 నుండి 1808 వరకు ఆయన కాపురమున్న డవ్ కాటేజి నేటికీ ఉన్నది. ఆయన సమాధియు ఆ ఊరి చర్చి ఆవరణలోనే ఉన్నది. కాని ఆ ఊరికి మరొక కీర్తి కూడా ఉన్నదని పాఠ్యపుస్తకాలు చెప్పవు. 1868 నుండి అక్కడ గైడ్స్ రేస్ అనే పందెము జరుగుతున్నది. మైదానమునుండి ఎదుటి కొండకొమ్ము దాకా నిట్టనిలువుగా ఎక్కి, తిరిగి అంతే వేగముతో దిగిరావలెను. మేటి పరుగువీరులకు పావుగంట కూడా పట్టదు. గెలిచినవారికి నగదు బహుమానము ఉండేది. ఆ నగదు పుచ్చుకొన్న నేరానికి వారిని ఔత్సాహిక క్రీడాసంఘములు చిరకాలము తమ పందెములలోనికి రానీయలేదు. గొర్రెలకాపరికి నాలుగు పౌనులు ముట్టినంత మాత్రాన క్రీడాధర్మమునకు ఏమి భంగమో నాకు బోధపడదు.

ఈ సీమలోని దారులన్నింటిలోను మకుటాయమానమైనది బాబ్ గ్రాహం రౌండ్. బాబ్ గ్రాహం కెజిక్ పట్టణములో ఒక వసతిగృహము నడుపుకొనే సామాన్యుడు. 1932 జూన్‌లో ఆయన ఆ పట్టణపు మూట్ హాల్ అనే పాత సభాభవనము వాకిటనుండి బయలుదేరి, 42 శిఖరములు ఎక్కి దిగి, 23 గంటల 39 నిమిషములకు మళ్ళీ అదే వాకిలి చేరినాడు. దూరము సుమారు 66 మైళ్ళు. ఎక్కిన ఎత్తులన్నీ కూడితే దాదాపు 27,000 అడుగులు. తన వయస్సుకు సరిపోవునట్లు 42 శిఖరములు ఎంచుకొన్నాడని చెప్పుకొంటారు. కాళ్ళకు టెన్నిస్ బూట్లు, ఒంటిపై పొట్టి లాగు, పైజమా చొక్కా. దారిలో తిన్నది రొట్టె, వెన్న, ఉడికిన గ్రుడ్లు, పండ్లు. చాలమంది నమ్మలేదు. ఆ చుట్టును 24 గంటలలో తిరిగి పూర్తిచేసినవాడు మరి 28 ఏళ్ళకు, 1960 లో గాని రాలేదు. ఆయన పేరు ఆలన్ హీటన్.

నన్ను ఆకర్షించినది ఆ అంకెలకంటె ఆ చుట్టు నడిచే పద్ధతి. ఇది పందెము కాదు. బహుమతి లేదు. 1971 లో ఏర్పడిన బాబ్ గ్రాహం క్లబ్బులో చేరదలచినవాడు ప్రతి శిఖరముపైన ఒక సాక్షిని చూపవలెను. అందుచేత ఒంటరిగా పోవుట కుదరదు. స్నేహితులు విడతలవారీగా వెంట పరుగెత్తి, మూటలు మోసి, చీకటిలో దారి చూపుతారు. నేడు సాయము పొందినవాడు రేపు మరొకరికి సాయము పోతాడు. ఇట్లు చేతులు మారుతూ ఇంతవరకు రెండువేలకు పైబడినవారు ఆ చుట్టు పూర్తిచేసినారు.

శిఖరముల నడుమ కాలు కిందికి దిగిన ప్రతిచోట ఒక చరిత్ర ఉన్నది. త్రెల్‌కెల్డ్ గ్రామము దాటి, హెల్వెలిన్ కొండల వరుస ముగించి దిగితే డన్‌మెయిల్ రెయిజ్ అనే కనుమ. అక్కడి రాళ్ళగుట్ట పదవ శతాబ్దపు డన్‌మెయిల్ రాజు సమాధి అని ఐతిహ్యము. ఇంగ్లండులోకెల్ల ఎత్తైన స్కాఫెల్ పైక్, 3,209 అడుగులు, దాటిన తరువాత వాస్‌డేల్ హెడ్ వస్తుంది. గుప్పెడు ఇళ్ళు, వాటినడుమ రాతిగోడలు, ఒక బుల్లి చర్చి. పందొమ్మిదవ శతాబ్దమున ఈ ఊరి పూటకూళ్ళ యజమాని విల్ రిట్సన్ కోతలు కోయుటలో ప్రసిద్ధుడు. ఆయన జ్ఞాపకార్థము అబద్ధాల పోటీ ఒకటి ఆ ప్రాంతమున జరుపుతారు. ఊరికి ఎగువనున్న గ్రేట్ గేబుల్ శిఖరముది వేరొక కథ. మొదటి ప్రపంచయుద్ధములో మరణించిన తమ సభ్యుల స్మృతికై ఒక పర్వతారోహణసంఘము ఆ కొండను, దాని చుట్టునున్న ఉన్నతభూములను 1923 లో నేషనల్ ట్రస్టుకు దానము చేసినది. నవంబరులో స్మృతిదినమున ఎంత చలి ఉన్నను జనము శిఖరము మీదికి ఎక్కి మౌనముగా నిలుస్తారు. అటు దిగితే బారోడేల్ లోయ. మన పిల్లల చేతిలోని పెన్సిలు పుట్టుక అక్కడిదే; పదహారవ శతాబ్దములో సీథ్వెయిట్ వద్ద దొరికిన మేలైన నల్లసీసము కెజిక్ పెన్సిలు పరిశ్రమకు మూలము.

వాస్‌డేల్ హెడ్‌లోనే జాస్ నేలర్ అనే గొర్రెలకాపరి ఉండేవాడు. 1936 లో పుట్టినాడు. చిన్నతనమున వెన్నుకు దెబ్బ తగిలి, యౌవనములో శస్త్రచికిత్సలు చేయించుకొన్నవాడు. అట్టివాడు 1975 లో ఒక్క పగలు రాత్రిలో 72 శిఖరములు తిరిగినాడు. 50 ఏళ్ళ వయస్సున, 1986 లో, వెయిన్‌రైట్ తన పుస్తకములలో వర్ణించిన 214 కొండలనూ ఏడు రోజుల పైన కొద్ది వ్యవధిలో చుట్టివచ్చినాడు. 2024 జూన్‌లో, 88 వ ఏట కన్నుమూసినాడు. ఆయనకు పరుగు వేరు, వృత్తి వేరు కాదు. మంద తప్పిన గొర్రె వెంట పరుగెత్తిన కాళ్ళే ఆయనవి.

ఆ గొర్రెల సంగతి చెప్పక తప్పదు. హెర్డ్‌విక్ అనే ఆ జాతి గొర్రెకు కంచె అక్కరలేదు. విశాలమైన ఉమ్మడి కొండమీద తన మంద మేసే హద్దు దానికి తెలుసును. తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకొంటుంది. ఆ పిల్ల తన పిల్లకు నేర్పుతుంది. అట్టి హద్దును అక్కడివారు హీఫ్ అంటారు. 2001 లో గాలికుంటు వ్యాధి వ్యాపించి బ్రిటనులో అరవై లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చినప్పుడు హెర్డ్‌విక్ మందలలో గణనీయమైన భాగము పోయినది. పోయినవి గొర్రెలు మాత్రమే కావు; వాటితో పాటు ఆ తెలివి కూడా పోతుందని కాపరులు భయపడినారు. సంతలో కొన్న గొర్రెకు ఆ హద్దు ఎవరు నేర్పగలరు? ఆ ఏడు కొండలు మూతపడినవి, పరుగుపందెములు నిలిచిపోయినవి. ఎన్నడు ఆగని పరుగువీరులు కాపరుల మేలు కోరి ఇంటిపట్టున ఉండిపోయినారు.

నేటి చిక్కు వేరు. లోయలలోని పాతయిండ్లు సెలవులకు వచ్చే ధనికుల విడుదులుగా మారి, కాపరి కొడుకుకు స్వగ్రామములో ఇల్లు కొనుట కష్టమగుచున్నది. ఇటు వేలకొలది బూట్ల తాకిడికి మట్టి కొట్టుకొనిపోయి వాలులపై గాయములవంటి చారలు పడుతున్నవి. స్వచ్ఛందసేవకులు రాళ్ళు పరచి, కాలువలు తీసి వాటిని మాన్పుతున్నారు. పైకి మోయలేని రాళ్ళను హెలికాప్టరు మోస్తుంది. దిగేటప్పుడు మలుపు తప్పించి అడ్డదారిని దూకేవారిలో పరుగెత్తేవారు తక్కువేమీ కాదు. ఈ విషయములో వారిని వెనుకవేసుకొని రాలేను.

1982 లో బారోడేల్‌కు చెందిన తాపీపనివాడు బిల్లీ బ్లాండ్ గ్రాహం చుట్టును 13 గంటల 53 నిమిషములలో ముగించినాడు. ఆ రికార్డు 36 ఏళ్ళు చెక్కుచెదరలేదు. 2018 లో స్పెయిను దేశస్థుడు కిలియన్ జోర్నె 12 గంటల 52 నిమిషములలో మూట్ హాల్ తలుపు తాకినప్పుడు, అక్కడ ఎదురుచూస్తూ నిలిచినవారిలో బిల్లీ బ్లాండ్ ఒకడు. 2020 లో బెత్ పాస్కల్ అనే వనిత దానిని 14 గంటల 34 నిమిషములలో పూర్తిచేసినది. కిలియన్ రికార్డును కూడా 2022 లో మరొకరు దాటినారు.

ఇంత శ్రమకు ఓపలేని యాత్రికునకు ఒక సులువైన దారి ఉన్నది. కెజిక్ రైలుమార్గము 1972 లో మూతపడినది. ఆ పట్టాల జాడవెంట త్రెల్‌కెల్డ్ దాకా సుమారు మూడు మైళ్ళ బాట వేసినారు. 2015 డిసెంబరు తుపానులో వంతెనలు కొట్టుకొనిపోగా, తిరిగి కట్టి 2020 డిసెంబరులో తెరచినారు. ఏటి ఒడ్డున, చెట్లనీడన సాగే ఆ బాటపై పిల్లలు, వృద్ధులు, చక్రాలకుర్చీలవారు కూడా పోవచ్చును.