సున్నా చూపించినంత మాత్రాన సున్నా కాదు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక లెక్కల మేష్టారు "ఏరా, ఫ్యాక్టరీలో నీ పనేమిటి?" అనడిగారు. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు బిగించడం, వాటిని చూసుకోవడం నా పని మేష్టారూ. పైపులోనో ట్యాంకులోనో ఉన్న ఒత్తిడిని కొలిచి కంట్రోల్ రూముకు చెప్పే పరికరం అది. లోపల పల్చటి లోహపు పొర ఉంటుంది. ఒత్తిడికి అది వెంట్రుకవాసి కదిలినా, ఆ కదలికను 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల కరెంటుగా మార్చి రెండు తీగల మీద పంపుతుంది. ఒత్తిడి లేనప్పుడు కూడా 4 పంపడంలో కిటుకుంది. తీగ తెగితే కరెంటు 0కి పడిపోతుంది, లోపం ఉందని వెంటనే తెలుస్తుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఓ ఆవిరి లైను మీద ట్రాన్స్‌మిటరు విప్పమన్నారు. రీడింగు సున్నా ఉంది. ఇంకేం భయం అనుకుని, వాల్వు కట్టకుండానే సన్నగొట్టం జాయింటుకు స్పానరు పెట్టాను. రెండు చుట్లు తిప్పానో లేదో, కాగే నీళ్లు చిమ్మాయి. పెద్ద ఫిట్టరు చొక్కా పట్టి లాగబట్టి మోచేతి మచ్చతో బయటపడ్డాను. తీరా చూస్తే, జాయింటుకీ పరికరానికీ మధ్య గొట్టం తుప్పుతో పూడుకుపోయింది. అవతల సున్నా, ఇవతల నిండా ఒత్తిడి!

అప్పట్నుంచి నా పద్ధతి చెబుతాను. ముందు పర్మిట్ తీసుకోవాలి. కంట్రోల్ రూముకు చెప్పి ఆ లూపును మాన్యువల్‌లో పెట్టించాలి. లేకపోతే మనం విప్పగానే ఒత్తిడి పడిపోయిందనుకుని ఎక్కడో వాల్వు దానంతటదే కదులుతుంది. తర్వాత పైపు దగ్గరి వాల్వు కట్టి, బ్లీడ్ వాల్వును ముఖానికి ఎదురుగా లేకుండా మెల్లగా తెరవాలి. అమ్మ కుక్కరు మూత తీసేముందు ఆవిరంతా పోనిస్తుంది చూడండి, అదే ఇది. బ్లీడులోంచి ఏమీ రాలేదంటే ఒత్తిడి లేదని కాదు, పూడుకుపోయిందేమోనని అనుమానించాలి. మండే వాయువులున్న చోట కరెంటు తీయకుండా మూత తెరవకూడదు. లోహపు పొరను స్క్రూడ్రైవరుతో గీకకూడదు.

బిగించే చోటూ ముఖ్యమే. వాయువైతే పరికరం పైపుకన్నా పైన ఉండాలి, చెమ్మ తిరిగి పైపులోకి జారిపోతుంది. ద్రవమైతే కింద ఉండాలి, గాలిబుడగలు పైకి పోతాయి. ఆవిరికైతే కింద బిగించి, మధ్యలో వంపుగొట్టం పెట్టి, వాల్వు తెరిచేముందే దాన్ని నీళ్లతో నింపాలి. ఆ నీళ్లే పరికరాన్ని వేడి నుంచి కాస్తాయి. మన సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది, కనక కేబులు కిందికి వంచి లోపలికి తేవాలి. అప్పుడు వాననీరు పెట్టెలోకి పోదు.

ఇదంతా చిన్నవిషయంలా కనిపిస్తుంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో టవరు నిండిపోతుంటే లెవెల్ ట్రాన్స్‌మిటరు మట్టం తగ్గుతోందని చూపించింది. ప్రమాదంలో 15 మంది పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి 12 మందిని బలి తీసుకుంది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలుస్తున్నారని, మధ్యలో, పైన కొలిచే ఏర్పాటు లేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. పరికరం తప్పు చెప్పినా, కొలవాల్సిన చోట లేకపోయినా ఫలితం ఒక్కటే.

మన ఊళ్ల పిల్లలు పైడిభీమవరం, విశాఖ ఫ్యాక్టరీలకు కాంట్రాక్టు మీద వెళుతున్నారు. వాళ్లకు నా మాట ఒక్కటే. "త్వరగా విప్పరా" అని ఎవరు తొందరపెట్టినా, "పర్మిట్ ఏదండీ? వాల్వు కట్టారా?" అని అడగండి. అడిగినందుకు ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుంది. కళ్లు పోతే దొరకవు.

కూర్మనాథుని గుడిలో తాబేళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. ఏదైనా తాకితే ముందు తల లోపలికి తీసుకుంటాయి. పిరికితనంతో కాదు, బతకడం తెలిసి. నెమ్మదిగా నడిచినా చేరాల్సిన చోటికి చేరతాయి. మనం కూడా పని ముగించి, ఇంటికి క్షేమంగా చేరాలి.

సెలవు.