మీటరు ఎవరి పేరున ఉంది?

(సీతాఫల్‌మండి బస్తీ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను కిరసనాయిలు బుడ్డి ముందట చదువుకున్నోణ్ణి. మా అవ్వ కూలి ఎగ్గొట్టుకుని రేషన్ షాపు కాడ డబ్బా పట్టుకుని నిలబడితే ఆ నీలిరంగు నూనె దొరికేది. అదే మాకందిన సబ్సిడీ. దొర బాయి కాడ మోటారు నడిచేది. అదీ సబ్సిడీయేనని నాకు డిగ్రీకొచ్చినంక తెలిసింది.

కరెంటు చార్జీలు తగ్గించమన్నందుకు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. 2004 మే 14న ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. దానికి నేను వ్యతిరేకిని కాను. బోరు ఎండి అప్పులపాలైన రైతుల్లో మనోళ్లూ ఉన్నరు. కానీ ఆ కరెంటు మోటారుకే వస్తది. మోటారు బోరుకు, బోరు భూమికి. మరి భూమి లేని కూలోడి ఇంటికి అది ఏ తొవ్వన రావాలె? మూడు మోటార్లున్నోడికి మూడింతలు, నాటేసే అక్కకు సున్న.

పట్నమొచ్చినంక భూమి పోయి మీటరు వచ్చింది. 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి మొదలైంది. తెల్ల కార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపు కాలిస్తే జీరో బిల్లు. కిరాయిదార్లకూ వర్తిస్తదన్నరు. మంచిదే. కానీ మన గల్లీల్లో ఏమున్నది? ఓనరు పేరున ఒక్క మీటరు, దాని కింద మూడు గదులు, మూడు కుటుంబాలు.

లెక్క చూడుండ్రి, నేను లెక్కల పంతుల్నే. గదికి 80 యూనిట్లు, మూడు గదులకు 240. 200 దాటింది, జీరో బిల్లు పోయింది. అంతటితో ఆగదు. 2022లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 200 దాటిన మీటరుకు మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, ఆపై 40 యూనిట్లకు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,328 రూపాయలు. గదికి 442. ఓనరు తన లాభం కలిపితే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నా సంగతి. నేను నెల జీతగాణ్ణి. తెల్ల కార్డు లేదు, ఉండొద్దు కూడా. కానీ నాకు విడి మీటరుంది. అవే 80 యూనిట్లకు నా బిల్లు ఎంత? ఫిక్స్‌డ్ చార్జీలు పక్కన పెడితే 190 రూపాయల 50 పైసలు! ఇండ్లల్ల అంట్లు తోమే అక్క కట్టేదాంట్ల సగం కూడా కాదు. చెప్పుకోను సిగ్గయితది, అయినా చెప్తున్న.

గ్యాసూ అంతే. 500 రూపాయల సిలిండర్ అంటే ముందు పూర్తి ధర కట్టాలె, మిగతాది తర్వాత బ్యాంకులో పడ్తది. ఆ ముందు కట్టేదే కదా మన దగ్గర లేనిది! పైగా ఎన్ని సిలిండర్లకు ఇస్తరంటే, గత మూడేండ్లలో సగటున వాడినన్నింటికి. పైసలు లేక కట్టెల పొయ్యి మీద వండిన ఇంటికి తక్కువ, బాగా వాడిన ఇంటికి ఎక్కువ.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరు. విద్యుత్తు కూడా ఆయనే చూసిండు. కరెంటు చౌకగా, సమృద్ధిగా ఉండాలని 1943లోనే వాదించిండు. చౌక అంటే ఎవరికి చౌక అని అడగాల్సింది మనం.

ఉచితం వద్దని అనేటోళ్ల మాట మనకొద్దు. మనకు కావాల్సింది గదికో మీటరు, కిరాయిదారు పేరున లెక్క. ఓనరు సంతకం పెట్టనంటే ఏం జెయ్యాలె? గది ఖాళీ చెయ్యమంటడనే భయం నాకు తెలుసు. అందుకే ఒక్కరు పోవద్దు. వచ్చే ఆదివారం గల్లీ గల్లీ తిరిగి రాసుకుందాం: మీటరుకు ఎన్ని గదులు, ఎంతమంది, యూనిట్‌కు ఎంత గుంజుతున్నరు. పాత బిల్లు కాగితాలు పారెయ్యకుండ్రి. ఊర్లకెళ్లి వచ్చినోళ్లు మీ వాడలో మోటారున్న ఇండ్లెన్నో, లేనివెన్నో రాసి తెండ్రి. జై భీమ్!