గాజు గురువు



నేను మన గ్రామమున జమాఖర్చులు వ్రాసికొను సామాన్యుడను. భారత భాగవతములను ఏ గురువు నొద్దను చదువలేదు. 25 సంవత్సరములుగా ఈ గ్రంథాలయపు దీపము క్రింద, నిఘంటువును ప్రక్కన పెట్టుకొని కూడబలుకుకొంటిని. అట్టి నన్ను ఈ రజతోత్సవమున ప్రసంగింపుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను చదివి తెలిసికొన్న ఒక గాజు శిల్పి చరిత్రమును విన్నవించెదను.

గాజనగానే మనకు స్త్రీల ముంజేతి గాజులు స్ఫురించును. పదార్థమునకును, ఆభరణమునకును మన భాషలో ఒకటే పేరు. ఆ పదార్థమునకు జగత్ప్రసిద్ధమైన స్థానము ఇటలీ దేశమున వెనిస్ నగరము చెంతనున్న మురానో ద్వీపము. అగ్నిభయముచే 1291లో నగరపు గాజు కొలుములను అచ్చటికి తరలించిరి. పనివారు తమ విద్యతో దేశము దాటరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. ఆ ప్రభుత్వము పోయినను, గుట్టు దాచు అలవాటు మాత్రము పోలేదు.

ఆ ద్వీపముననే 1934లో లీనో తాల్యాపియెత్రా జన్మించెను. బాల్యముననే బడి మాని, ఆర్కిమెదే సెగూసో అను ఆచార్యుని కొలిమిలో చేరెను. యౌవనముననే తానును ఆచార్య పదవి నందెను.

ఆ పనితనము సామాన్యము కాదు. కరగి తేనెవలె సాగు గాజును ఇనుప గొట్టపు కొనకు చుట్టి, ఊది బుడగ చేయుదురు. రెండు రంగుల బుడగలను వేడి ఆరకమునుపే అంచునకు అంచు సరిపుచ్చి అతుకుట ఒక విద్య. సన్నని చారలు గల రెండు బుడగలను, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు మెలివేసి, ఒకదానిలో ఒకటి ఇమిడ్చినచో వలవంటి అల్లిక ఏర్పడును. ప్రతి కన్నులోను ఒక్కొక్క గాలి బిందువు నిలుచును. తుదకు మెల్లమెల్లగా చల్లార్పవలెను, తొందరపడినచో పగులును.

డేల్ చిహూలీ మొదలగువారు 1971లో అమెరికాలో, సియాటిల్ నగరమునకు ఉత్తరమున, పిల్చక్ అను గాజు పాఠశాలను స్థాపించిరి. 1979లో లీనో అచ్చటికి బోధింప వెడలెను. ఆ యువకులకు ఉత్సాహము మెండు, నేర్పు కొంచెము. ఆయన ఏమియు దాచక చూపెను. ఇంటిగుట్టు రట్టు చేసెనని స్వదేశీయులు కొందరు నిందించిరి. ఆయన విద్య తరిగెనా? లేదు. అంతవరకు కర్మాగారముల కొరకు పనిచేసినవాడు పిమ్మట స్వతంత్ర శిల్పి అయ్యెను. కప్పునుండి వ్రేలాడు గాజు పడవల శ్రేణిని సృజించెను. శిష్యులును కళాకారులైరి.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాల్యమున నేను పద్దులు నేర్వగోరి ఒక వృద్ధుని చెంతకు పోగా, ఆయన నా కంటబడకుండ చిట్టా మూసెడివాడు. ఎంతో నొచ్చుకొంటిని. కాని నిజము దాచనేల? మొన్న ఒక బాలుడు వచ్చి, "తాతగారూ, నాకు పద్యం చెప్పరూ?" అని అడుగగా, తీరిక లేదని పంపివేసితిని. నేనును పుస్తకము మూసినవాడనే.

ఖర్చు వ్రాసినకొలది నిలువ తగ్గుట లెక్కల ధర్మము. విద్య అను పద్దు ఒక్కటే ఆ ధర్మమునకు లోబడదు. రాబోవు ఆదివారము మొదలు ప్రతి సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుందును. ఆ బాలుడు రావలెనని కోరుచున్నాను. మరెవరు వచ్చినను సంతోషమే.