చేపల తొట్టె అడుగున దాగే విషవాయువు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రిటైరయ్యాక కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా కాలక్షేపం చేపల తొట్టె. మనవలు ముచ్చటపడి కొనిపించుకున్న తొట్టెలు మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నాయి. చివరకు వాటి ఆలనాపాలనా తాతల మీదే పడుతుంది. కనుక నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పుకుంటాను.

మా మనవరాలి కోసం మూడడుగుల తొట్టె కొన్నాం. అందంగా ఉంటుందని సన్న ఇసుక నాలుగంగుళాల మందాన పరిచాను. ఏడాదిపాటు దాన్ని కదపలేదు. అద్దంలోంచి అడుగున నల్లటి మచ్చలు కనబడుతుంటే మురికిలే అనుకున్నాను. ఒక పండుగ ముందు రోజు, చేపలు తొట్టెలో ఉండగానే ఇసుకంతా చేత్తో ఒక్కసారిగా కలియబెట్టాను. బుడగలు లేచాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచి ఎగశ్వాస తీశాయి. తెల్లవారేసరికి ఐదు గోల్డ్‌ఫిష్‌లలో నాలుగు పోయాయి. "తాతయ్యా, నువ్వు శుభ్రం చేశావుగా, ఎందుకు చచ్చిపోయాయి?" అని పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జవాబు తర్వాత తెలుసుకున్నాను. సన్న ఇసుక మందంగా ఉంటే గట్టిపడుతుంది. లోపలికి నీరు పారదు, ప్రాణవాయువు అందదు. మిగిలిన మేత, చేపల మలం అందులోకి దిగి కుళ్ళుతాయి. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అక్కడ నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. అది విషం. కొద్దికొద్దిగా పైకి వస్తే ప్రాణవాయువున్న నీటిలో త్వరగానే విరిగిపోతుంది. ఒక్కసారిగా వస్తేనే ముప్పు. అలాగని ప్రతి బుడగా విషం కాదు. వాసన లేనిది నత్రజని కావచ్చు. నల్లమచ్చా, గుడ్డు వాసనా కలిస్తే మాత్రం జాగ్రత్తపడాలి.

భీమవరం వైపు రొయ్యల రైతులకు ఇది కొత్త సంగతి కాదు. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి నల్లబురద తీసేయడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. మొదటిది, ఇసుక కడిగి వేస్తాను, అంగుళంన్నర మించనివ్వను. రెండవది, వేళ్ళూనే మొక్కలు నాటాను. వాటి వేళ్ళు ఇసుకలోకి ప్రాణవాయువు అందిస్తాయి. మూడవది, మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేస్తాను. నాల్గవది ముఖ్యం. వారానికోసారి సన్న పుల్లతో ఇసుకలో నాలుగో వంతు మాత్రమే మెల్లగా కదుపుతాను, మరుసటి వారం ఇంకో మూల. తర్వాత పైపుతో పావు వంతు నీరు లాగేసి, క్లోరిన్ విరిచిన నీరు పోస్తాను. ఏళ్ళ తరబడి కదపని తొట్టె అయితే ముందు చేపలను అదే నీటితో బకెట్లోకి మార్చి, గాలి పంపు పెట్టాకే ఇసుక ముట్టుకోవాలి.

మనం గుమాస్తాలుగా పనిచేసినవాళ్ళం. ఏ రోజు తపాలు ఆ రోజు చూసినవాడికి ఇన్‌స్పెక్షన్ భయం లేదు. బీరువా అడుగుకు తోసిన కాగితాలే ఒకనాడు మెడకు చుట్టుకుంటాయి. ఇసుక సంగతీ అంతే.

మిగిలిన ఆ ఒక్క చేప ఇప్పటికీ ఉంది. ఆదివారం పుల్ల మనవరాలు పడుతుంది, పైపు నేను పడతాను.